నీళ్ళ దగ్గర మొదలుపెట్టండి: సాహసాల ఆటకు ఒక దుర్గం కట్టే పద్ధతి

కొండమీద కోట, లోపల 200 మంది సైనికులు, 40 గదులు. రెండు వారాలు కూర్చుని గళ్ళ కాగితంమీద గీశాను. ఆదివారం నెల్లూరులో మా ఇంట్లో ఆట మొదలైంది. కనిగిరి వైపు పల్లెలో పెరిగిన మిత్రుడొకడు తన పాత్రను కోటగోడ కింద నిలబెట్టి ఒకటే ప్రశ్న అడిగాడు: "ఇంతమందికి తాగడానికి నీళ్ళెక్కడివి?"

నా దగ్గర జవాబు లేదు. 40 గదులకూ తలుపులు గీశాను గానీ ఒక్క బావి గీయలేదు. ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టిన ఇంట్లో పెరిగినవాడికి కోటను చూడగానే తట్టేది ఆ ప్రశ్నే. జవాబు ఉండి ఉంటే అతను ఆ దారినే పోయేవాడు: నీళ్ళు మోసేది ఎవరు, ఏ వేళకు వస్తారు, ఏ దారిన వస్తారు, వాళ్ళలో ఒకడిగా వేషం వేసుకుని లోపలికి పోవచ్చా? ఒక్క ప్రశ్నలోంచి నాలుగు సాహసాలు పుట్టేవి. ఆ రోజు నుంచి నేను ఏ స్థలాన్ని కట్టినా నీళ్ళతోనే మొదలుపెడుతున్నాను. ఆ పద్ధతినే ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా వివరిస్తాను.

ఈ ఆట తెలియనివారికి రెండు మాటలు. 1974లో అమెరికాలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వెలువడింది. పాత్రధారణ ఆటలు ఊపందుకున్నది దానితోనే. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు ఆట నడుపుతారు. మేం ఆయన్ని సూత్రధారి అంటాం. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరు ఒక పాత్ర తీసుకుని, ఏం చేస్తామో నోటితో చెబుతారు. ఫలితం తేలని చోట పాచికలు వేస్తారు. సాహసస్థలం అంటే ఆ పాత్రలు అడుగుపెట్టి, తమ ఇష్టప్రకారం తిరిగే చోటు. కోట కావచ్చు, గుహ కావచ్చు, పాడుబడ్డ ఊరు కావచ్చు. కథ రాయడం వేరు, స్థలం కట్టడం వేరు. కథలో ఎవరు ఎటు పోతారో మీరు చెబుతారు. స్థలంలో అది ఆటగాళ్ళు చెబుతారు.

ఈ వ్యాసం పొడవునా ఒకే ఉదాహరణ పట్టుకుందాం. దానిపేరు ఏడుదొనల దుర్గం. కొండరాతిలో సహజంగా నీళ్ళు నిలిచే గుంటే దొన.

1. నిజమైన చోటు నుంచి ఒక సంగతి తీసుకోండి

నా దుర్గానికి మూలం నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి. ఆ కోట ఒకప్పుడు ఒడిశాను ఏలిన గజపతుల చేతిలో ఉండేది. శ్రీకృష్ణదేవరాయలు దాన్ని ముట్టడించి, సుమారు ఏడాదిన్నర తర్వాత 1514లో పట్టుకున్నాడు. పోర్చుగీసు గుర్రాల వర్తకుడొకరు రాసిపెట్టిన వృత్తాంతం ప్రకారం కోటకు పోయే దారి ఎంత ఇరుకంటే మనుషులు ఒకరి వెనక ఒకరుగా మాత్రమే నడవగలిగేవారు. రాయలు బండలు పగలగొట్టించి వెడల్పు దారి వేయించాడట. గెలిచాక ఉదయగిరి నుంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి, 1515లో అక్కడ గుడి కట్టించి ప్రతిష్ఠించాడు.

ఇందులో ఆటకు పనికొచ్చేవి మూడున్నాయి: ఒక్క మనిషి పట్టే దారి, ఏడాదిన్నర ముట్టడి, దేవుడు వెళ్ళిపోయిన గర్భగుడి. కోట బురుజులు ఎన్ని, గోడ ఎత్తెంత అన్నవి నేను తీసుకోలేదు. కొలతలు అరువు తెచ్చుకుంటే అది నమూనా అవుతుందే తప్ప ఆట కాదు. ఒక చోట జరిగిన సంగతిలో మనిషిని ఇరుకున పెట్టినది ఏదో అది తీసుకుంటే చాలు. మీది ఒంగోలు వైపైతే భైరవకోన ఉంది: ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. తీరం వైపైతే పులికాటు సరస్సు ఉంది. ఇవి మనం వెళ్ళి నిలబడి చూడగల చోట్లు. ఎక్కడో దూరదేశపు మంచుకోటను ఊహించి గీయడం కంటే, కాలు నొప్పి పుట్టేలా ఎక్కిన మెట్లను గుర్తుచేసుకుని గీస్తే బొమ్మలో బరువు ఉంటుంది.

2. నీళ్ళ లెక్క వేయండి

ఇక్కడ తొందరపడకండి. ముందు తలల లెక్క. దుర్గంలో 200 మంది అనుకుందాం. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు 5 లీటర్లు. రోజుకు 1,000 లీటర్లు అయింది. 18 నెలలంటే సుమారు 540 రోజులు. మొత్తం 5,40,000 లీటర్లు, అంటే 540 ఘనపు మీటర్లు. 15 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతున్న ఒక్క కోనేరులో సరిగ్గా అంత పడుతుంది. కాగితంమీద ఒక్కటి చాలు. కానీ మన వేసవి ఎండకు నీళ్ళు ఎంత వేగంగా ఆవిరైపోతాయో చెరువుగట్టున పెరిగినవాళ్ళకు చెప్పాలా? గుర్రాలకు నీళ్ళు వేరే కావాలి. అందుకే ఒక్క కోనేరు కాదు, ఏడు దొనలు కావలసి వచ్చాయి. దుర్గం పేరు ఈ లెక్కలోంచే పుట్టింది.

తర్వాత ఆ నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతాయో గీయండి. నా దుర్గంలో కొండ కొన దగ్గర, ఎవరూ చూడని ఏడో దొనలో ఊట ఉంది. అది నిండితే ఆరో దొనకు, అక్కడి నుంచి రాతిలో తొలిచిన కాలువల గుండా అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటికి దిగుతుంది. మొదటి దొన పొంగితే కొండ కింద దొనపాడు చెరువుకు చేరుతుంది. ఒక్కో దొనకూ ఒక పని: మొదటిది కోటవాకిలి బయట బాటసారులకు, రెండోది గుర్రాలకు, మూడోది వంటశాలకు, నాలుగోది మెట్లున్న కోనేరు, అయిదోది గుడిది, ఆరోది గుహలో చీకటిది.

ఇలా గొలుసుగా కట్టడంలో ఒక లాభం ఉంది. ఒకచోట చెయ్యి పెడితే ఇంకోచోట మార్పు కనిపిస్తుంది. నాలుగో దొనలో నీళ్ళు తగ్గితే గోడలో మునిగి ఉన్న సొరంగం నోరు బయటపడుతుంది, పెరిగితే మూసుకుపోతుంది. ఆటగాళ్ళు ఆరో దొన తూము తీస్తే కింద సొరంగంలో ఉన్నవాళ్ళు మునుగుతారు. తాళంచెవి వెతికి తెరిచే తలుపుల కంటే ఇది ఎంతో మేలు. నీళ్ళు పల్లానికి పారతాయని అందరికీ తెలుసు కాబట్టి సూత్రధారి ఏమీ వివరించనక్కర్లేదు.

నీళ్ళను మనుషులు ఎంత పట్టుదలగా నిలబెట్టుకుంటారో చూడాలంటే కంభం వెళ్ళండి. గుండ్లకమ్మ నదికి రెండు కొండల మధ్య అడ్డుకట్ట వేసి చెరువు చేశారు. దాన్ని కట్టించింది కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ అని చెబుతారు. ఆ కట్టమీద నిలబడి ఒకవైపు నీళ్ళు, రెండోవైపు పొలాలు చూస్తే, ఒక సాహసస్థలానికి కావలసిన పణం ఏమిటో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కట్ట తెగితే ఏమవుతుందన్న భయం అక్కడి గాలిలోనే ఉంటుంది.

3. ఏది చెడిందో, ఎప్పుడు చెడిందో తేల్చండి

వెయ్యేళ్ళుగా నిద్రపోతున్న కోట ఆటగాళ్ళను పిలవదు. ఈమధ్యే ఏదో మారి ఉండాలి. మా దుర్గంలో మూడు నెలల కిందట నీళ్ళు దిగడం ఆగిపోయింది. దొనపాడు చెరువు అడుగంటింది. నారుమళ్ళు ఎండుతున్నాయి.

ఎందుకు ఆగింది? కారణం ఒకే వాక్యంలో చెప్పగలిగేలా ఉండాలి, ఆ వాక్యంలో కనీసం ఇద్దరి తప్పు ఉండాలి. నాది ఇది: రక్తచందనం నరికే ముఠా పాత ఇరుకుదారిన కొండెక్కింది, కోటలో చచ్చినా చావని కాపలా సైన్యం అది శత్రువుల దాడి అనుకుని, ముట్టడి మొదలైందని నీళ్ళు దాచుకోవడానికి ఆరో దొన తూము మూసేసింది.

4. ఎవరికి ఏం కావాలో రాయండి

రాక్షసుల జాబితా రాయకండి. ముగ్గురు మనుషులను రాయండి, వాళ్ళు బతికి ఉన్నా లేకపోయినా.

కోటలోని సేనాని చాలా ఏళ్ళ కిందటే మరణించాడు. తన రాజు సందేశం వచ్చేదాకా కోట విడవనని ప్రమాణం చేశాడు, ఆ సందేశం రాలేదు. అతను దుష్టుడు కాడు. అతని సైనికులు రోజూ సంధ్యవేళ మూడో దొనకు బిందెలతో వచ్చి, ఎవరూ తాగని నీళ్ళు తోడుకుపోతారు. అతనికి కావలసింది ఒక ఆజ్ఞ.

ముఠా నాయకురాలికి డబ్బు కావాలి. కానీ కొండ దిగే దారిని సైన్యం మూసేసింది కాబట్టి ఇప్పుడు ముందు ప్రాణాలు కావాలి. ఆమె మనుషులు రెండో దొన దగ్గర గుడారాలు వేసుకుని, అడుగున మిగిలిన పచ్చటి నీళ్ళు వడగట్టుకుని తాగుతున్నారు. ఆటగాళ్ళు ఒక తోలుతిత్తి నీళ్ళిస్తే ఆమె నోరు విప్పుతుంది. కత్తి దూస్తే విప్పదు.

మూడోవాడు ఊరి నీరుగంటి. చెరువు తూము తీసి, ఏ పొలానికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసే మనిషి. అతని దగ్గర ఒక కొలకర్ర ఉంది, తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి అతనికి వచ్చింది. చేతులు పడీపడీ మధ్యలో నునుపెక్కింది. దానిమీద పదకొండు గాట్లున్నాయి. చెరువులో నీళ్ళు కొలవడానికి మొదటి ఏడు గాట్లు చాలు. మిగిలిన నాలుగూ ఎందుకో అతనికి తెలియదు. ఆ కర్రను నాలుగో దొన మెట్లమీద నిలబెట్టి చూస్తే, రాతిమీద చెక్కిన గీతలకు ఆ నాలుగు గాట్లూ సరిగ్గా ఆనుతాయి. పై గాటు దగ్గరున్న గీత పక్కన చిన్న చేప బొమ్మ, కింది గాటు దగ్గర గీత పక్కన తలుపు బొమ్మ. నీళ్ళు తలుపు గీతకు దిగితే సొరంగం తెరుచుకుంటుంది.

ఈ ముగ్గురిలో ఎవరి పక్షం వహించినా ఆట నడవాలి. ఆటగాళ్ళు రాజముద్రతో దొంగ ఆజ్ఞాపత్రం రాసి సేనానికి ఇవ్వవచ్చు. ముఠాను కొండ దింపి ముట్టడి ముగిసిందని నిరూపించవచ్చు. రాత్రికి రాత్రే తూము పగలగొట్టవచ్చు. సరైన పరిష్కారం ఏదో మీరు ముందే నిర్ణయించకండి. నిర్ణయిస్తే మిగిలిన దారులన్నిటికీ మీకు తెలియకుండానే అడ్డుపడతారు.

5. పటం గీయండి

గళ్ళ కాగితం ఇప్పుడే వద్దు. తెల్లకాగితంమీద తొమ్మిది చుక్కలు పెట్టండి: ఏడు దొనలు, కోటవాకిలి, ఖాళీ గుడి. చుక్కలను గీతలతో కలిపి, ప్రతి గీతమీదా నడవడానికి ఎంతసేపు పడుతుందో రాయండి. కొండమీద అడుగుల కంటే నిమిషాలే ఉపయోగం.

దారులన్నీ ఒకే వరసలో ఉంటే ఆటగాళ్ళకు ఎంచుకోవడానికేమీ ఉండదు. కనీసం రెండు చుట్లు ఉండాలి, అంటే వెళ్ళిన దారిన కాకుండా ఇంకో దారిన తిరిగి రాగలగాలి. లోపలికి మూడు దారులు పెట్టండి: అందరికీ కనిపించేది ఒకటి, అడిగితే ఊరివాళ్ళు చెప్పేది ఒకటి, వెతికితేనే దొరికేది ఒకటి. నా పటంలో ఇరుకుదారి, మేకలకాపరుల బాట, నాలుగో దొన సొరంగం. పోరాటం జరుగుతుందనుకున్న రెండు మూడు చోట్లకు మాత్రం చివరలో గళ్ళ కాగితం తీయండి.

6. ఒక్కో చోటు ఎలా రాయాలి

పేరాలు రాస్తే ఆట మధ్యలో వెతుక్కోలేరు. అలాగని రెండు మాటల్లో ముగిస్తే ఆ చోటికి రుచి ఉండదు. నేను ప్రతి చోటుకూ నాలుగు సంగతులు రాస్తాను. మూడో దొన ఇలా ఉంటుంది:

అడుగుపెట్టగానే: పొగ పట్టి నల్లబడ్డ రాతికప్పు. ఏళ్ళతరబడి మంట వేయలేదు, అయినా ఉడికిన రాగిసంకటి వాసన.

దగ్గరికి పోతే: దొన అంచున బిందెలు మోపిన గుండ్రటి గుంటలు, వరసగా పన్నెండు. పదకొండింటిలో తడి ఉంది.

చెయ్యి పెడితే: నీళ్ళు చల్లగా ఉంటాయి, తాగవచ్చు. పన్నెండో గుంటలో ఎవరైనా పాత్ర పెడితే సంధ్యవేళ సైనికులు వాళ్ళను తమవాళ్ళుగా లెక్కలో వేసుకుంటారు.

తర్వాత: ఆరో దొన తూము తెరిస్తే అయిదు, నాలుగు దొనల తర్వాత ఇది నిండుతుంది. సైనికులు అయోమయంలో పడి ఒక రాత్రంతా కాపలా వదిలేస్తారు.

మూడో సంగతి చూడండి. అందులో ఆటగాళ్ళు చేయగలిగిన పని ఒకటుంది. అలాంటి పని లేని చోటు ఎంత అందంగా ఉన్నా కొట్టేస్తాను. మొదట 40 గదులు గీసినవాణ్ణి ఇప్పుడు తొమ్మిది చోట్లతో మూడు ఆదివారాలు ఆడిస్తున్నాను. ప్రతిచోటా ముట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండటమే కారణం.

7. దాచినది మూడుచోట్ల చెప్పండి

సొరంగం సంగతి తెలియకపోతే సాహసం ఆగిపోయేలా ఉంటే, ఆ సంగతి మూడు వేర్వేరు చోట్ల దొరకాలి. ఒకటి నీరుగంటి కొలకర్ర. రెండోది ఊళ్ళో పిల్లలు పాడుకునే పాటలో "చేప మునిగితే తలుపు మూత" అనే పాదం. మూడోది ముఠాలో తప్పిపోయిన మనిషి చెప్పు, నాలుగో దొనలో తేలుతూ. ఆటగాళ్ళు ఒకదాన్ని పట్టించుకోరు, ఇంకోదాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు, మూడోది పట్టుకుంటారు. ఇది వాళ్ళ తెలివికి సంబంధించిన విషయం కాదు. మీ తలలో ఉన్న పటం వాళ్ళ కళ్ళముందు లేదు.

8. కాలం, పాచికలు

ఆటలో ప్రతి పది నిమిషాల కాలానికీ ఒక ఆరుముఖాల పాచిక వేయండి. ఒకటి పడితే ఏదో ఎదురవుతుంది. గంటలో ఆరుసార్లు వేస్తే కనీసం ఒకసారి ఒకటి పడే అవకాశం సుమారు 67 శాతం. ఊరికే తిరగడానికి భయం, పని చేసుకోవడానికి వీలు, రెండూ ఆ అంకెలో ఉన్నాయి.

ఏది ఎదురవుతుందో తేల్చడానికి రెండు పాచికలు వేసి కలపండి. 36 విధాలుగా పడే పాచికల్లో 7 ఆరు విధాలుగా వస్తుంది. 2, 12 ఒక్కో విధంగానే. కాబట్టి మామూలు సంగతులు మధ్యలో, అరుదైనవి చివరల పెట్టాలి.

2: సేనాని స్వయంగా వస్తాడు.
3, 4: భయంతో దారి తప్పిన చందనం కూలీ.
5, 6: బిందెల చప్పుడు, మనుషులు కనిపించరు.
7: నీటిమట్టంలో మార్పు, కాలువలో తడి జాడ.
8, 9: చెట్టుమీద దేవాంగపిల్లి గుండ్రటి కళ్ళు, లేదా నీళ్ళ కోసం వచ్చిన ఎలుగుబంటి.
10, 11: తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ ఊరి కుర్రాడు.
12: కలివికోడి కూత.

చివరిదానికి కారణం ఉంది. 1900 తర్వాత కనిపించక అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. రాత్రిపూట తిరిగే పక్షి, తుప్పల మధ్య బతుకుతుంది. మా దుర్గంలో దాని కూత వెంట పోయినవాళ్ళకు ఏడో దొన దొరుకుతుంది. లేదనుకున్న పక్షి, లేదనుకున్న నీళ్ళ దగ్గరకు తీసుకుపోతుంది. అలాంటి జంతువు మన కొండల్లోనే ఉండగా పరాయి పుస్తకాల్లోంచి మృగాలను తెచ్చుకోవడం నాకు నచ్చదు.

9. నిధి

బంగారు నాణేల పెట్టె వద్దు. ఆరో దొన గుహలో కాగడా ఎత్తగానే గోడలన్నీ తళతళలాడతాయి. అది అభ్రకం. మన మాటలో కాకిబంగారం. నెల్లూరు అభ్రకం ఆకుపచ్చ ఛాయకు పేరుపడ్డది. గోరుతో గీకితే పొరలు పొరలుగా లేస్తుంది. పలచటి పొరలోంచి చూస్తే అవతలి మంట కనిపిస్తుంది. ఆశపడ్డవాడు సంచి నింపుకుంటాడు. ఆలోచించినవాడు దాని పొరలను కాగడా చుట్టూ అద్దాల్లా కడతాడు, ఎందుకంటే అది వేడికి తట్టుకుంటుంది. నీటి జల్లుకూ గాలికీ దీపం ఆరిపోయే ఆ గుహలో అదే అసలు నిధి.

ఖాళీ గర్భగుడిని మాత్రం ఖాళీగానే ఉంచండి. పీఠంమీద విగ్రహం పాదాలు ఆనిన రెండు గుంటలు, పక్కన ఎండిన పూలదండ. దేవుణ్ణి ఎవరు తీసుకుపోయారో, ఎక్కడికో అన్నది తర్వాతి సాహసం. మా ఆటగాళ్ళు ఆ గుడిలో ఒక పూట మాట్లాడకుండా కూర్చున్నారు. ఒకామె తన పాత్ర చేత పీఠం కడిగించింది. దానికి పాచికలు వేయమని నేను అడగలేదు.

10. పేర్లు

క్లుప్తంగా చెబుతాను. నీళ్ళనో చెట్టునో రాయినో ముందు పెట్టి, వెనక కోన, పాడు, పాలెం, దుర్గం, గుంట చేర్చండి. నోరు తిరగని పేరును ఆటగాళ్ళు మరుసటి వారానికి మరచిపోతారు.

11. ఆటకు ముందు, ఆట తర్వాత

ముందురోజు రాత్రి ఒంటరిగా కూర్చుని, ఆటగాళ్ళు ఏమీ చేయకపోతే దుర్గంలో వారం రోజుల్లో ఏం జరుగుతుందో ఏడు వాక్యాల్లో రాసుకోండి. రెండో దొన ఎండుతుంది, ముఠాలో ఒకడు చనిపోతాడు, నాయకురాలు మూడో దొనమీద దాడి చేస్తుంది, సేనాని అయిదో దొననూ మూసేస్తాడు, ఇలా. ఆ కాగితం ఉంటే ఆటలో మీరెక్కడా తడబడరు.

ఆట అయ్యాక పటంమీద ఏడు దొనల పక్కన ఏడు అంకెలు రాయండి, ఎక్కడ ఎన్ని మెట్ల నీళ్ళున్నాయో. మీరు ఎవరికీ చూపించనక్కర్లేదు. వచ్చే ఆదివారం వాళ్ళు తిరిగి నాలుగో దొనకు వచ్చేసరికి నీళ్ళు రెండు మెట్లు దిగి, తలుపు గీత తడిగా పైకి తేలి ఉండాలి.